గుర్తుంటుంది, గుచ్చుకోదు

నా కూతురు ఐసీయూలో పడి ఉంటే, దాన్ని కన్న తల్లి మానిటర్ మీద అంకెలు చదివి, సెలైన్ సరిచేసి, "ఈ బెడ్ స్టేబుల్" అని పక్క మంచం దగ్గరికి వెళ్లిపోయింది. అద్దం తలుపుకు ఇవతల నిలబడి నా రెండు కళ్లతో చూశాను. నా భార్య రాతిగుండె మనిషి కాదు. వీధిలో కుక్కపిల్ల కుంటుతూ కనిపిస్తే ఆ పూట అన్నం సహించని మనిషి.

ఇంత జరిగాక కూడా ఎవరి మీద కోప్పడాలో నాకు తెలియడం లేదు. జరిగింది జరిగినట్టు చెబుతాను. మీకు తెలిస్తే నా తరఫున మీరు కోప్పడండి.

నా పేరు దానియేలు. కాకినాడ డిపోలో కండక్టరుగా చేసి రిటైరయ్యాను. నా భార్య సువార్త ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఐసీయూ నర్సులందరికీ ఇన్‌ఛార్జి. మా ఒక్కగానొక్క కూతురు కెజియా అదే ఐసీయూలో నర్సు. ఇంట్లో ఇద్దరు నర్సులుంటే మగవాడికి వంట రాక తప్పదు. బస్సులో ఉన్నప్పుడు టికెట్ టికెట్ అని అరిచేవాణ్ణి, ఇప్పుడు అన్నం అన్నం అని అరుస్తున్నాను, అదొక్కటే తేడా.

ఒకరు డ్యూటీ దిగి వస్తుంటే ఇంకొకరు ఎక్కడానికి వెళ్లేవారు. దిగేవాళ్లు ఎక్కేవాళ్లకి రోగుల్ని అప్పజెప్పడాన్ని నర్సులు హ్యాండోవర్ అంటారు. అది వార్డులోనే జరుగుతుంది. వీళ్లకి అది చాలక మా గుమ్మంలో ఇంకోటి పెట్టేవారు. ఒకరు చెప్పులు విప్పుతూ, ఒకరు తొడుక్కుంటూ.

"ఆరో బెడ్ తాతగారికి అన్నీ బానే ఉన్నాయమ్మా. అయినా ఎందుకో నాకు లోపల పీకుతోంది. ఓ కన్నేసి ఉంచు," అనేది కెజియా.

చార్టులో అన్నీ బాగున్నప్పుడు ఆ పీకుడు ఎక్కణ్ణుంచి వస్తుందో నాకెప్పుడూ అర్థమయ్యేది కాదు. కానీ సాయంత్రానికి తాతగారికి ఊపిరి ఎగపోసేది. ఆ వేళకి సువార్త ఆయన మంచం పక్కనే సిద్ధంగా ఉండేది. "నా పులుసు మీద కూడా ఎవరైనా ఓ కన్నేసి ఉంచండర్రా," అని నేను వేళాకోళం చేసేవాణ్ణి.

ఆ పీకుడికి వాళ్లు చెల్లించింది తక్కువేం కాదు. వార్డులో పోయిన రోగులందరూ వీళ్ల మనసుల్లో మా ఇంటికొచ్చేవారు. సువార్త బాత్రూంలో కుళాయి తిప్పుకుని ఏడ్చేది, నీళ్ల చప్పుడులో నాకు వినపడదనుకుని. వార్డులో బాగా పనిచేసే పిల్లలు ఒక్కొక్కరే మానేశారు. ఒకమ్మాయి ఉద్యోగం మానేసి, ఇంట్లో గది తలుపేసుకుని, ఎవరు పిలిచినా పలకడం మానేసింది. ఒకరోజు పొద్దున్నే మా డిపో కుర్రాడొకడు ఫోను చేశాడు. "అన్నా, వదినగారు స్టాపులో కూచున్నారు. నాలుగు బస్సులెళ్లిపోయినా ఎక్కట్లేదు," అన్నాడు. పరిగెత్తాను. సువార్త తెల్లచీరలో, ఒళ్లో టిఫిన్ క్యారేజీతో కూర్చుని ఉంది. "కాళ్లు లేవట్లేదండీ," అంది. అంతకుమించి ఏమీ అనలేదు.

అదిగో, అలాంటి రోజుల్లో నర్సుల బాధ తగ్గించే ప్రయోగమంటూ డాక్టర్ నిరంజన్ గారు వచ్చారు.

ఐసీయూ పక్కన దుప్పట్లు పెట్టుకునే గది ఖాళీ చేయించి అందులో ఆయన యంత్రం పెట్టారు. చూడ్డానికి పెద్ద వింతేం కాదు. బ్యూటీ పార్లర్లో తడిజుట్టు ఆరబెట్టే టోపీలాంటిది ఒకటి, కింద వాలుకుర్చీ, పక్కన తెర. ప్రయోగంలో చేరిన ప్రతి నర్సుకీ ఇంటి నుంచి ఒక సాక్షి ఉండాలన్నారు. ఇంట్లో ఎలా ఉంటోందో ఆ మనిషి శనివారం శనివారం వచ్చి చెప్పాలి. మా ఇంటి నుంచి నేను. అందుకే మొదటి రోజు సువార్త ఆ కుర్చీలో కూర్చుంటే అద్దంలోంచి చూసే భాగ్యం నాకు కలిగింది.

"కళ్లు మూసుకుని ఈ రోజంతా ఒకసారి తలుచుకోండి సిస్టర్ గారూ," అన్నారు నిరంజన్ గారు.

సువార్త తలుచుకుంటోంది. తెర మీద ఒక గీత సాఫీగా పోతూ పోతూ ఉన్నట్టుండి మేకు నిలబడ్డట్టు లేచింది. యంత్రం సన్నగా చిటపటలాడింది. ఆ మేకు కాస్త కుంగింది. మళ్లీ చిటపట. మళ్లీ కుంగింది. చివరికి గీత చదునైపోయింది. ఇంకొంతసేపటికి ఇంకో మేకు.

"ఆ లేచేదేంటండీ?" అన్నాను.

"ఎవరో పేషెంటు గుర్తొచ్చి ఉంటారు. గుర్తు రాగానే ఒళ్లు బిగుసుకుంటుంది కదా, ఆ బిగువు వదులు చేస్తున్నాం. జరిగింది మర్చిపోరు దానియేలు గారూ. గుర్తుంటుంది, గుచ్చుకోదు. అంతే."

"దిష్టి తీసినట్టా అండీ?"

ఆయన గట్టిగా నవ్వేశారు. "అలాంటిదే. ఉప్పూ మిరపకాయలూ లేవంతే."

మేం ప్రార్థన చేసుకునేవాళ్లం, దిష్టులూ గిష్టులూ మాకు లేవు. అయినా నా నోటి చలవ వల్ల ఆ గదికి దిష్టిగది అని పేరు పడిపోయింది.

సువార్త బయటికొచ్చి మొట్టమొదట అడిగిన మాట, "ఇవాళేం కూరండీ?" ఎన్నాళ్లయిందో ఆ మనిషి కూర గురించి అడిగి. దారిలో మల్లెపూలు కొనమంది. ఆ పూట కడుపునిండా తిని గుర్రు పెట్టి నిద్రపోయింది. నేను పక్కన కూర్చుని ఆ గుర్రు పాటలా విన్నాను. మర్నాడు శనివారం కాకపోయినా వెళ్లి నిరంజన్ గారి చేతులు పట్టుకున్నాను. దేవుడు లాంటి మనిషి అనుకున్నాను, అబద్ధమెందుకు చెప్పాలి.

వార్డు మొత్తం మారిపోయింది. నర్సులు మానెయ్యడం మానేశారు. ఆసుపత్రి మేనేజరు గారు లడ్డూలు పంచారు. ఆ తర్వాత తీరిగ్గా ఆలోచించి, ఇదివరకు ఒక్కో నర్సుకి ఇద్దరేసి రోగుల్ని ఇచ్చేవారు కదా, నలుగురేసి ఇచ్చారు. అలసిపోవడం లేదు కదా అని. ఎద్దు రంకె వెయ్యడం లేదని రెండో బండి కూడా కట్టినట్టు. నాకు ఒళ్లు మండింది గానీ సువార్తకి మండలేదు. "చెయ్యగలుగుతున్నాం కదండీ," అంది, తమలపాకు నములుతూ.

మా గుమ్మంలో హ్యాండోవర్ కూడా చిన్నదైపోయింది. సువార్త అంకెలు చెప్పేది, చెప్పులు విప్పేది, లోపలికొచ్చేసేది. ఓ కన్నేసి ఉంచమనే మాట ఆమె నోట వినబడడం ఎప్పుడు ఆగిపోయిందో కూడా నాకు తెలియదు.

కెజియా మాత్రం చిక్కిపోవడం మొదలెట్టింది. అది కూడా రోజూ దిష్టిగదిలో కూర్చునేదే. అందరూ నవ్వుతూ బయటికొస్తే ఇది గోడ పట్టుకుని వచ్చేది. దువ్వెనకి జుట్టు కుచ్చులు కుచ్చులుగా వచ్చేది. అన్నం ముందు కూర్చుని మెతుకులు లెక్కపెట్టేది.

"పిల్ల ఎలా అయిపోయిందో చూసేవా?" అన్నాను సువార్తతో.

"చూసేనండీ. రక్త పరీక్షలు చేయించేను. అన్నీ నార్మల్."

"పరీక్షలు కాదే. దాని మొహం చూడు."

సువార్త లేచి వెళ్లి కూతురి గడ్డం పట్టుకుని, అటూ ఇటూ తిప్పి శ్రద్ధగా చూసింది. "బానే ఉందిగా," అంది. వచ్చి కూర్చుని ఇంకాస్త చారు పోసుకుంది. నాకు ఒక్క క్షణం ఎందుకో భయమేసింది. మళ్లీ నేనే సర్ది చెప్పుకుని, శనివారం నిరంజన్ గారితో కూడా ఏమీ అనలేదు.

ఒక మధ్యాహ్నం వంటింట్లో చిక్కుడుకాయలు ఒలుస్తుంటే కెజియా వచ్చి నా పక్కన చతికిలబడింది. రెండు కాయలు ఒలిచి, "నాన్నా, నాకు పంతొమ్మిదో ఎక్కం వచ్చేసింది," అంది.

"ఈ వయసులో ఎక్కాలేంటే?"

"ఆ కుర్చీలో కూచుని చదువుకుంటున్నా. రోజు తలుచుకుంటేనే కదా అది తీసేది. నేను తలుచుకోవట్లేదు. ఎక్కాలు చదూతున్నా."

నా చేతిలో కాయ అలాగే ఉండిపోయింది. అప్పుడు చెప్పింది. మొదట్లో అది కూడా నిజంగానే కూర్చుందట. హాయిగా ఉందట. అప్పుడే ఎనిమిదో బెడ్‌లో డెంగ్యూతో ఒక పెళ్లికొడుకు వచ్చాడు. చేతికి గోరింటాకు ఇంకా పోలేదు. అంకెలన్నీ బాగున్నాయి. ఇది అంకెలు అప్పజెప్పి ఇంటికొచ్చి నా చేతి పులిహోర తిని పడుకుంది. తెల్లారేసరికి అతను లేడు.

"నాకేం తెలీలేదు నాన్నా. ముందైతే తెలిసేది. లోపల పీకేది. ఆ పీకుడుతోనే మేం పని చేసేవాళ్లం. దాన్నే తీసేస్తున్నారు వీళ్లు."

"మీ అమ్మకి చెప్పేవా మరి?"

"చెప్పేను. అమ్మ కాయితాలు తీసి చూపించింది. యంత్రం వచ్చినప్పట్నుంచీ వార్డులో పోయేవాళ్లు ఏం పెరగలేదంట. ఎందుకు పెరగలేదో అమ్మకి తెలీదు." కెజియా ఇంకో కాయ తీసి ఒలిచింది. "నా మంచాలు నాలుగే. డ్యూటీ దిగాక కూడా అమ్మ డ్యూటీలోనే ఉండిపోయి అన్ని మంచాల చుట్టూ తిరుగుతున్నా నాన్నా. ఎవరికీ ఏమీ అనిపించట్లేదు కదా, మరి ఎవరో ఒకరికి అనిపించాలి కదా. వాళ్లేమో, కెజియా చూసుకుంటుందిలే అని నవ్వుతారు. మంచివాళ్లే. నవ్వుతారంతే."

వార్డు మొత్తం దింపుకున్న భారం అంతా వచ్చి ఈ పీచులాంటి పిల్ల మీద కూర్చుంది. ప్రయోగం గెలిచిందని అక్కడ లడ్డూలు పంచుకున్నారు.

"రేపే ఆ డాక్టరుకి చెప్పేస్తా," అన్నాను.

"వద్దు నాన్నా. అందరికన్నా ముందు చేరింది అమ్మ. ఇన్‌ఛార్జి కూతురే దొంగాట ఆడిందంటే అమ్మ తలెత్తుకోలేదు."

"తల సంగతి తర్వాత చూద్దాం. శనివారం నేను చెప్పడం ఖాయం."

శనివారం దాకా ఆగలేదు. శుక్రవారం కెజియా వార్డులోనే పడిపోయింది.

అది ఎలా పడిపోయిందో నాకు తర్వాత చెప్పారు. ఛాతీ పట్టుకుని గోడకి ఆనుకుని చాలాసేపు నిలబడిందట. ముఖమంతా చెమట. నర్సులు అటూ ఇటూ దాని పక్కనుంచే తిరిగారు. ఒకమ్మాయి "కెజియా, కాస్త జరుగు" అని పక్కనున్న ట్రాలీ లాక్కెళ్లింది. సువార్త రెండుసార్లు అటువైపు చూసింది. నర్సులెవరూ ఆగలేదు. చివరికి మూడో బెడ్‌లో ఆక్సిజన్ మాస్కు పెట్టుకుని ఉన్న ముసలమ్మ, మాట పెగలక, పక్కనున్న స్టీలు గ్లాసు తీసి మంచం కమ్మీకేసి బాదింది. ఆ చప్పుడుకి అందరూ తిరిగేసరికి నా కూతురు నేల మీద ఉంది.

గుండె డాక్టరు గారు నన్ను పక్కకి పిలిచారు. "రక్తనాళాలు శుభ్రంగా ఉన్నాయండీ. గుండె కండరమే ఉబ్బిపోయింది. ఓర్చుకోలేనంత మనోవ్యథ మోసినవాళ్లకి అరుదుగా ఇలా అవుతుంది. ఇంత చిన్నవయసులో నేను చూడ్డం ఇదే మొదలు. ఈ రెండ్రోజులు గడవాలి."

ఆ తర్వాతే నేను అద్దం తలుపు దగ్గర నిలబడి మొదట చెప్పిన దృశ్యం చూశాను.

నేరుగా దిష్టిగదికి వెళ్లాను. నిరంజన్ గారు లేచి నిలబడ్డారు. ఎక్కాల సంగతి చెప్పాను. ఆయన గబగబా తెర మీద కెజియా గీతలు తెచ్చారు. మొదటి కొద్దిరోజులు మినహా ప్రతిరోజూ గీత చదునుగానే ఉంది. పరీక్షగా చూస్తే దాని మీద రంపానికున్నట్టు సన్నని పళ్లు, ఒకే లయలో, పాఠం ఒప్పజెబుతున్నట్టు.

"ఈ అమ్మాయే అందరికన్నా బాగా కోలుకుందనుకున్నానండీ," అన్నారాయన. ముఖం తెల్లకాగితమైపోయింది. "బయటికి పంపిన నివేదికలో మొదటి ఉదాహరణ ఈ అమ్మాయే."

"అది సరేనండీ. రోగుల కోసం పడే బాధ తీస్తానన్నారు కదా. మా ఆవిడ దగ్గర కూతురి కోసం పడే బాధ కూడా ఎందుకు తీసేశారు?"

ఆయన కుర్చీలో కూలబడ్డారు. "రోజంతా తలుచుకోమన్నాను. వార్డులో కూతురూ ఉంది కదా. సిస్టర్ గారు రోజూ ఆ అమ్మాయిని చూసేవారు, రోజూ తలుచుకునేవారు. ఏది రోగి కోసం, ఏది బిడ్డ కోసం అన్నది యంత్రానికి తెలీదు దానియేలు గారూ. లోపల రెండు అరలు ఉండవు. రోజూ కొంచెం కొంచెంగా తీసేశాను."

"తిరిగి పెట్టండి."

"అది నాకు చేతకాదు."

"కూర్చోవడం మానేస్తే?"

"కొత్తగా పుట్టవచ్చు. ఎన్నాళ్లకో చెప్పలేను. పుడుతుందనీ చెప్పలేను." ఆయన ఏడ్చేశారు. దేవుడనుకున్న మనిషి ముక్కు చీదుకుంటుంటే చూడాల్సి వచ్చింది నాకు.

సువార్తని వరండాలోకి పిలిచి మొత్తం చెప్పాను. మధ్యలో అడ్డు రాకుండా వింది. విని, రిపోర్టు చదివినట్టు, "అయితే తప్పు జరిగిందండీ," అంది. కాస్త ఆగి, "నాకు లోపల ఏమీ అనిపించట్లేదు. అనిపించాలని మాత్రం తెలుసు. ఇప్పుడు తల్లైతే ఏం చేస్తుందో చెప్పండి. చేస్తాను."

వెటకారం కాదు అది. నిజంగానే అడుగుతోంది. ప్రసవ నొప్పులు ఓర్చి దీన్ని కన్న మనిషి, దీనికి జ్వరమొస్తే తెల్లవార్లూ భుజాన వేసుకుని వరండాలో తిరిగిన మనిషి, నన్ను అడుగుతోంది.

"వెళ్లి పక్కన కూచో," అన్నాను. "తల మీద చెయ్యి వెయ్యి."

వెళ్లింది. కూర్చుంది. చెయ్యి వేసింది. కొంతసేపయ్యాక అద్దంలోంచి నా వంక చూసి, ఇంకా ఎంతసేపు అన్నట్టు కనుబొమలు ఎగరేసింది. నేను తల తిప్పేసుకున్నాను.

ఆ రోజే సువార్త దిష్టిగదికి తాళం వేయించింది. మేనేజరు అరిచాడు. ఈమెకి భయం వెయ్యలేదు, అది కూడా పోయినట్టుంది. నర్సులకి ఇద్దరేసి రోగుల్నే ఇవ్వాలంది, లేకపోతే వార్డులో ఒక్కరూ అడుగు పెట్టరంది. చిత్రమేమిటంటే అడ్డం పడింది మేనేజరు ఒక్కడే కాదు. నర్సులు మా ఇంటికొచ్చి గుమ్మంలో నిలబడ్డారు. "తాళం తీయించండి మేడమ్. మళ్లీ ఆ ఏడుపులు మేం ఏడవలేం. మాకూ పిల్లలున్నారు," అని ఒకమ్మాయి దణ్ణం పెట్టింది. ఆమెని ఎలా తప్పుపట్టను? బస్ స్టాపులో లేవని కాళ్లు నేను చూశాను కదా.

దేవుడి దయవల్ల కెజియా గండం గడిచింది. గుండె మెల్లగా మామూలు ఆకారానికి వచ్చిందన్నారు. ఇంటికి తెచ్చుకున్నాం. సువార్త వేళకి మందులు ఇచ్చేది, వేళకి బీపీ చూసేది, నేను చెప్పినప్పుడు పక్కన కూర్చునేది. ఒక్క పొరపాటు చేసేది కాదు. కెజియా తల్లి ముఖంలోకి చూసి చూసి కళ్లు దించుకునేది.

మొన్న ఆదివారం చర్చి నుంచి వచ్చి రాగిజావ కాచాను. గ్లాసు తీసుకెళ్లేసరికి కెజియా మంచం మీద లేచి కూర్చుని ఉంది. సువార్త మందు చీటీ చూస్తోంది.

"నాన్నా," అంది కెజియా. "నిరంజన్ గారితో ఓ మాట చెప్పు. నాకోసం ఆ గది ఒక్కసారి తీయమను. ఈసారి ఎక్కాలు చదవను. నిజంగా కూచుంటాను."

నేను జావ గ్లాసు పట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డాను. మాట్లాడింది సువార్తే.

"నన్ను చూసేవు కదా కెజియా," అంది ప్రశాంతంగా. "నువ్వు చచ్చిపోతుంటే పక్క మంచానికి వెళ్లిపోయేను. అలా అయిపోతావు. అలా అయిపోవాలని ఉందా నీకు?"

"ఉందమ్మా," అంది నా కూతురు. "నీలాగే అయిపోవాలనుంది."

జావ ఒలికి నా పాదాల మీద పడింది. కాలిందో లేదో తెలియలేదు. నేను వెక్కి వెక్కి ఏడ్చాను, మా అమ్మ పోయినప్పుడు కూడా అలా ఏడవలేదు.

సువార్త లేచి నా దగ్గరికొచ్చింది. కళ్లు తుడవలేదు, ఊరుకోమనలేదు. నా ముఖంలో ముఖం పెట్టి, ఒకప్పుడు మానిటర్ చూసినంత శ్రద్ధగా, చాలాసేపు చూసింది. తర్వాత కూతురి వైపు తిరిగింది.

"నాకైతే తెలీట్లేదమ్మా. మీ నాన్న మొహం చూసి చెప్తున్నాను. వద్దు."

కెజియా దుప్పటి కప్పుకుని గోడవైపు తిరిగి పడుకుంది. సువార్త కుర్చీ లాక్కుని నాకెదురుగా కూర్చుంది. తర్వాత ఏం చెయ్యాలో కూడా నా ముఖమే చెబుతుందన్నట్టు, కళ్లు తిప్పకుండా చూస్తూ ఉంది.